ఖాళీ ఆటోలో మొదటి సీటు

ఎల్బీనగర్ చౌరస్తాలో మెట్రో మెట్లు దిగితే, స్తంభాల నీడలో ఇప్పటికీ షేర్ ఆటోలు వరసగా నిలబడి ఉంటాయి. వరసలో మొదటి ఆటో ఎప్పుడూ ఇంజను ఆపదు. అలాగని కదలదు కూడా. నిలబడిన చోటే వణుకుతూ ఉంటుంది. ఆ వణుకుకి వెనక సీటు పక్కనున్న ఇనుపకడ్డీ సన్నగా మోగుతుంది. కిందటి వారం ఒక సాయంత్రం ఆ చప్పుడు వింటూ, ఇంకా ఎవరూ ఎక్కని ఆటో పక్కన నిలబడి ఉన్నప్పుడే ఫోన్‌లో వార్త చూశాను. అర్థశాస్త్రంలో ప్రపంచం మొత్తానికి పెద్దదైన బహుమతి ఈసారి ఒక బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్‌కి వచ్చిందని. పక్కన ఫోటో వేశారు. జుట్టంతా తెల్లబడింది. కళ్లజోడు మాత్రం అప్పటిలాగే ముక్కు మీదికి జారి ఉంది. మా సాంబశివరావు సార్.

సంతోషం పట్టలేకపోయాను. పక్కన మల్లెపూలు అమ్ముతున్న ఆవిడకి ఫోన్ చూపించి "మా సారు" అన్నాను. ఆమె ఫోటో చూసి "మంచిగున్నడు" అని మళ్లీ మాల కట్టుకోవడంలో పడింది. ఇంటికి వెళ్లేదాకా ఆ సంతోషంలోనే తేలుతూ ఉన్నాను. తాళం తీస్తుంటే అప్పుడు గుర్తొచ్చింది. ఆయనకి ఈ బహుమతి తెచ్చిన పని ఎక్కడో విదేశంలో మొదలు కాలేదు. ఇదే చౌరస్తాలో, ఈ ఆటోల దగ్గరే మొదలైంది. ఆ పని కోసం ఇక్కడ నిలబడి అంకెలు రాసింది నేను. ఆ అంకెల్లో ఒక రోజువి పచ్చి అబద్ధం. ఆ సంగతి ఆయనకి నేను ఎప్పుడూ చెప్పలేదు.

మీరు ఆయన్ని చూసి ఉండరు కాబట్టి ముందు ఆయన గురించే చెప్పాలి. అప్పట్లో ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బిజినెస్ స్కూల్లో పాఠాలు చెప్పేవారు. స్కూల్ అంటే పెద్దగా ఊహించుకోకండి. కింద చీరల దుకాణం, మొదటి అంతస్తులో కంప్యూటర్ కోచింగ్, రెండో అంతస్తులో మేము. గదులకన్నా బోర్డు పెద్దది. కింద దుకాణం మైకు "రండి రండి" అని పిలుస్తూ ఉంటే పైన మాకు గిరాకీ పాఠం నడిచేది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో రెండూ కలిసిపోయి, సార్ చీరలు అమ్ముతున్నట్టూ, దుకాణంవాడు పాఠం చెబుతున్నట్టూ వినపడేది. సార్‌ది తెనాలి దగ్గర పల్లె. పొట్టి చేతుల తెల్ల చొక్కా, గుడ్డసంచీ, సంచీలో ఒక నోటుబుక్కు, రెండు అరటిపళ్లు. ఆయన పెళ్లి చేసుకోలేదని కొందరు, చేసుకుని మరిచిపోయారని కొందరు అనేవాళ్లు.

మాది నల్గొండ జిల్లా. నాన్న హయత్‌నగర్ డిపోలో మెకానిక్. మీర్‌పేట్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషిని నేనే. క్లాసులో నోరు విప్పితే నా మాటకి నవ్వుతారని చివరి బెంచీలో గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. మొదటి రోజు సార్ పుస్తకం తెరవలేదు. కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అడిగారు.

"ఒక ఖాళీ షేర్ ఆటో ఉంది. నిండితే గానీ కదలదు. మరి అందులో అందరికన్నా ముందు ఎక్కేవాడు ఎందుకెక్కుతాడు? ఎక్కువసేపు కూర్చోవలసింది వాడే కదా. తెలివిగలవాడైతే ఆఖర్న ఎక్కాలి. అందరూ తెలివిగలవాళ్లే అయితే ఆటో ఎప్పటికీ కదలదు. కానీ రోజూ కదులుతోంది. ఎలాగంటారు?"

ముందు బెంచీలవాళ్లు పుస్తకాల్లో మాటలు చెప్పారు. నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. "ఎవరో ఒకరు ఎక్కకుంటే ఎవ్వరు ఎక్కరు గద సార్. గందుకే ఎక్కుతడు."

క్లాసంతా గొల్లుమంది. సార్ నవ్వలేదు. బోర్డు వైపు తిరిగి నా మాటని నేనన్నది అన్నట్టే, 'గందుకే'తో సహా రాశారు. పీరియడ్ అయ్యేదాకా తుడవలేదు. వెళ్లేటప్పుడు నా బెంచీ దగ్గర ఆగి, "ఏమ్మా, నీ పేరేవిటి?" అన్నారు. చెప్పాను. "రేణుకా, పొద్దున్నే లేచే అలవాటుందా నీకు?" అన్నారు. లేదు. ఉందని చెప్పాను. ఆయనకి నేను చెప్పిన మొదటి అబద్ధం అదే అనుకోవచ్చు.

అలా నా ఉదయాలు చౌరస్తా పాలయ్యాయి. గడులు గీసిన కాగితం ఇచ్చేవారు. ఏ ఆటో, మొదటి మనిషి ఎప్పుడు ఎక్కాడు, ఎప్పుడు నిండింది, ఎప్పుడు కదిలింది. కాలేజీ టైమయ్యేదాకా రాయాలి. చలికాలం పొద్దుల్లో చౌరస్తా నిజంగా ఉన్నట్టే ఉండేది కాదు. విజయవాడ వైపు నుంచి వచ్చే బస్సులు మంచులో ముందు లైట్లుగా కనిపించి, తర్వాత చప్పుడుగా మారి, ఆఖరికి బస్సులుగా వచ్చి ఆగేవి. సంచులతో దిగినవాళ్లు సగం నిద్రలో ఆటోల వైపు నడిచేవాళ్లు. వాళ్లని చూస్తూ చూస్తూ నిద్ర పోతున్నది నేనా, ఊరా అన్నది నాకే తెలిసేది కాదు. పెన్ను జారి కాగితం మీద గీత పడితే ఉలిక్కిపడేదాన్ని.

ఆ స్టాండ్‌కి యాదగిరి పెద్ద. ఆయనా మా జిల్లావాడే. ఏ ఆటో తర్వాత ఏ ఆటో నింపుకోవాలో ఆయన మాటే చెల్లేది. నన్ను చెల్లె అని పిలిచేవాడు. ఆటో నింపడానికి వాళ్లకో ఉపాయం ఉంది. ఖాళీ బండి చూస్తే జనం ఎక్కరు, ఇద్దరు కూర్చుని ఉంటే మూడోవాడు పరిగెత్తుకొస్తాడు. అందుకని తమలోనే ఒకణ్ణి ప్యాసింజర్‌లా కూర్చోబెట్టి, బండి నిండబోతుండగా దింపేస్తారు. ఈ సంగతి తెలిశాక సార్‌కి పండగే అయింది. యాదగిరికి అంతకన్నా పండగ.

"సారూ, జర మీరు లోపట కూసోండ్రి. మీ అసుంటి పెద్దమనిషి కూసుంటే బండి జల్ది నిండుతది."

బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఆటోలో మూలకి జరిగి, సంచీ ఒళ్లో పెట్టుకుని, అరటిపండు ఒలుచుకుంటూ ఎరగా కూర్చునేవారు. బండి నిండగానే "అయ్యో, మర్చేపోయానండీ, నాకు ఇక్కడే పనుంది" అంటూ దిగిపోయేవారు. రోజూ వచ్చే ఒక పండ్ల వ్యాపారి, "గీ సారుకు రోజు గిదే మతిమరుపేంది?" అని విసుక్కునేవాడు. నేను కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. సార్ నా దగ్గరికి వచ్చి చొక్కా సర్దుకుంటూ, "నేను అబద్ధపు మొదటివాణ్ణమ్మా. నిజమైన మొదటివాడు ఎవడో, ఎందుకెక్కుతాడో చూడాలి మనం. వాడు దొరికితే చాలు" అనేవారు. అదేదో తప్పిపోయిన పిల్లాడి గురించి చెబుతున్నట్టు చెప్పేవారు.

అవి తెలంగాణ ఉద్యమం ఊరంతా పొంగుతున్న రోజులు. ఆటోల అద్దాల మీద నినాదాలు, గోడల మీద నినాదాలు, టీ కొట్టులో రేడియో కన్నా గట్టిగా వాదనలు. ఒక పొద్దున యాదగిరి టీ గ్లాసు సార్ చేతికిచ్చి, కాసేపు నసిగి అడిగాడు.

"సారూ, నారాజ్ కాకుండ్రి, ఒక మాటడుగుత. రేపు రాష్ట్రమొస్తే మీరు వాపస్ పోతరా?"

"బండి నిండకుండా ఎక్కడికి పోతానయ్యా యాదగిరీ? నువ్వు దిగనివ్వవుగా," అన్నారు సార్. చుట్టూ ఉన్న డ్రైవర్లు పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆ రోజు ఇద్దరం కాలేజీకి నడుస్తూ కొత్తపేట చేరాం. పండ్ల మార్కెట్ దగ్గర బత్తాయిల వాసన ముంచెత్తుతుంటే మెల్లగా అన్నారు. "మా అన్నయ్య రోజూ ఫోన్ చేస్తున్నాడమ్మా, వచ్చెయ్ వచ్చెయ్ అని. అక్కడ అద్దె ఇల్లు తప్ప నీకేవుందిరా అంటాడు. యాదగిరి ఉన్నాడని చెప్పాను." ఆయన మాటల్లో ఆ రోజు కనిపించిన దిగులు చాలాకాలం నన్ను వదల్లేదు.

తర్వాత పెద్ద సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. నాన్న డిపో ముందు టెంటులో కూర్చున్నాడు. నాకు మొదటి రోజు జ్వరం. రెండో రోజు జ్వరం తగ్గిన నీరసం. మూడో రోజు నుంచి ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే వట్టి బద్ధకం. ముసుగుతన్ని పడుకుని, మధ్యాహ్నం లేచి కాగితాలు నింపేదాన్ని. బస్సులు బందైతే ఆటోలకి గిరాకీ పెరుగుతుంది, కాబట్టి తొందరగా నిండుతాయి, కాబట్టి నిమిషాలు తగ్గించి రాయాలి అని లెక్క వేసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. అలా తొమ్మిది రోజులు.

కాగితాలు ఇచ్చిన రోజు సార్ స్టాఫ్ రూములో ఒక్కరే ఉన్నారు. వేలితో గడులు చూసుకుంటూ వెళ్లి ఒకచోట ఆగారు.

"గురువారం పొద్దున యాదగిరి ఆటో నాలుగు నిమిషాల్లో నిండిందా?"

"నిండింది సార్. బస్సులు లేవు గద, జనం ఎగబడ్డరు."

"గురువారం ఆటోలు కూడా బందు పెట్టారమ్మా. యాదగిరీ నేనూ చౌరస్తా మధ్యలో నిలబడి అరటిపళ్లు తిన్నాం. కాకి కూడా లేదు."

ఏడుస్తూ తొమ్మిది రోజులూ ఒప్పేసుకున్నాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. కొత్త కాగితం తీసి, ఆ తొమ్మిది రోజుల గడులు ఖాళీగా వదిలి మిగతావి నాచేతే మళ్లీ రాయించారు. "చూడకపోవడం తప్పేం కాదమ్మా. ఖాళీ గడి కనిపిస్తే ఎప్పటికైనా ఎవరో ఒకరు ఇదెందుకు ఖాళీ అని అడుగుతారు. నింపేసిన గడిని ఎవరూ ఏమీ అడగరు. అదీ ప్రమాదం." అప్పుడే ఫోన్ మోగింది. ఆయనతో కలిసి ఈ పని చేస్తున్న విదేశీ ప్రొఫెసర్. సార్ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు, మా అంకెల్లో పొరపాటు జరిగింది, పొరపాటు నాదే, ఇది ఇప్పట్లో అచ్చుకి పనికిరాదు అని. అవతలివైపు నుంచి చాలాసేపు మాటలు వినపడ్డాయి. ఆ మనిషి తర్వాత ఈ పనిలోంచి తప్పుకున్నాడని, సార్ మూడేళ్లు ఒంటరిగా, మిగిలిన అంకెలతో మళ్లీ మొదటినుంచి లెక్క కట్టారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. నా పేరు మాత్రం ఎక్కడా రానివ్వలేదు.

ఫోన్ పెట్టేసి ఆయన నన్ను అడిగారు. "ఇంకేవైనా ఉన్నాయా రేణుకా?"

"లేవు సార్," అన్నాను.

కళ్లజోడు పైనుంచి కాసేపు చూశారు. "సరే," అని పెన్ను మూత పెట్టారు.

ఉంది. ఇంకొక రోజు ఉంది. సమ్మెకి కొన్ని వారాల ముందు, హైవే మీద వంటావార్పు జరిగిన రోజు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే అందరికీ వడ్డించి, బండ్లు ఆపేయడం ఆనాటి నిరసన. పొద్దున నేను కాగితాలు తీసుకుని బయల్దేరుతుంటే అమ్మ పప్పు గిన్నె నా చేతిలో పెట్టింది. "లెక్కలు రేపన్న రాస్కోవచ్చు పోరీ. పొయ్యి ఇయ్యాలనే ఎలగాలె," అంది.

మేము వెళ్లేసరికి ఆడవాళ్లంతా బియ్యం, కట్టెలు, గిన్నెలతో రోడ్డు అంచున నిలబడి ఉన్నారు. రోడ్డు మీదికి మాత్రం ఎవరూ దిగడం లేదు. లారీలు మామూలుగానే దూసుకుపోతున్నాయి. ఎవరు ముందు, ఎవరు ముందు అని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, కొంగులో మూడు రాళ్లు వేసుకుని నడిమధ్యకి నడిచింది. నన్ను పిలవలేదు. నా కాళ్లు వాటంతట అవే వెనక నడిచాయి. రాళ్లు పెట్టి ఆమె, గిన్నె పట్టుకుని నేను, తారు మీద కూర్చున్నాం. ఒక లారీ కీచుమంటూ మా ముందు ఆగింది. దాని ఇంజను వేడి నా మొహానికి కొట్టింది. ఆ క్షణం ఎంతసేపు ఉందో ఏ కాగితంలోనూ రాయలేను. తర్వాత ఇంకొకామె వచ్చి కూర్చుంది. తర్వాత ఇద్దరు. తల తిప్పి చూసేసరికి రోడ్డంతా పొయ్యిలే, పొగే. పొగలోంచి పాటలు, డప్పులు, పిల్లల అరుపులు. నేను పప్పుచారు గరిట పట్టుకుని, వరసలో వచ్చిన ప్రతి విస్తరాకులోనూ వంచుతూనే ఉన్నాను. తల ఎత్తలేదు. మంట పొగకి కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ నిద్రలో నడిచినట్టే గుర్తుంది.

మర్నాడు ఆ రోజు గడుల్లో కిందటి వారం అంకెలు అటూ ఇటూ మార్చి రాసేశాను. జ్వరం అని, బద్ధకం అని ఒప్పుకోవచ్చు. ఇది ఎలా ఒప్పుకోను? ఆయన ఆ వైపు మనిషి. ఆయన అన్నయ్య ఫోన్లు నాకు గుర్తున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లంతా నన్ను పొమ్మంటున్నారు, ఆఖరికి ఈ పిల్ల కూడా అని ఆయన అనుకుంటే నేను భరించలేను అనిపించింది. నాకు రాష్ట్రమూ కావాలి, సారూ కావాలి. రెండూ కావాలని నోరు తెరిచి చెప్పే ధైర్యం నాకప్పుడు లేకపోయింది.

రాష్ట్రం వచ్చింది. సార్ వెళ్లలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకి ఇంకో రాష్ట్రంలోని పెద్ద బిజినెస్ స్కూల్ పిలిస్తే వెళ్లారు. వెళ్లే రోజు యాదగిరి ఆయన్ని తన ఆటోలో కూర్చోబెట్టుకుని, ఇంకెవరినీ ఎక్కనివ్వకుండా స్టేషన్‌కి తీసుకెళ్లాడు. "మేమైతే పొమ్మనలే గద సారూ," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు పొమ్మన్నా పోయేవాణ్ణి కాదయ్యా. అక్కడ లైబ్రరీ పెద్దది," అన్నారు సార్. ఆటో కదులుతుంటే నా వైపు చూసి చెయ్యి ఊపారు. చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. నేనూ చెయ్యి ఊపి ఊరుకున్నాను.

ఇప్పుడు నేనొక చిన్న సర్వే ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చేవాళ్ల కాగితాలు సరిచూడటం నా పని. ఏ గడీ వదలకుండా నిండుగా వచ్చిన కాగితం చూస్తే నాకు ముందు అనుమానం వస్తుంది. వెనకాల నన్ను 'ఖాళీ మేడం' అంటారట. అననీ. ఊరందరికీ ఖాళీ వదలమని చెప్పే నేను, నా గడి ఒకటి నింపేసి ఇన్నేళ్లు దాచుకున్నాను. ఇప్పుడు ఆ అంకె ప్రపంచం ముందుకి వెళ్లింది. రేపు ఎవరో దాన్ని పట్టుకుంటే పోయేది నా పరువు కాదు, ఆయనది.

రెండు రోజులు మెతుకు సహించలేదు. మూడో రోజు ఆయనకి ఉత్తరంలా పెద్ద మెయిల్ రాశాను. అభినందనలు ఒక్క వాక్యం. మిగతాదంతా పదో రోజు గురించి. అమ్మ, మూడు రాళ్లు, లారీ, గరిట, భయం, అన్నీ. ఆ అంకెని తీసేయండి సార్, తప్పు నాదని రాయండి అని చెప్పి, మళ్లీ చదివితే పంపలేనని చదవకుండానే పంపేశాను.

నిన్న సాయంత్రం మెట్రో మెట్లు దిగుతుంటే జవాబు వచ్చింది. ముందు ఒక పేజీ ఫోటో. ఆయనకి బహుమతి తెచ్చిన పరిశోధనలో మా చౌరస్తా పట్టిక. ఖాళీ గడులు లెక్కపెట్టాను. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాను. తొమ్మిది కాదు, పది. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక గమనిక. దాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "తొమ్మిది రోజులు పరిశీలన జరగలేదు. పదో రోజు జరగలేదని మాత్రం అనలేను. ఆ రోజు ఎవరూ దిగని రోడ్డు మీద అందరికన్నా ముందు కూర్చున్న ఇద్దరిలో మా పరిశీలకురాలు ఒకరు. నేను రోడ్డు అంచు నుంచి చూశాను. ఈ పరిశోధనలోని ఆలోచన ఆ రోజుది."

ఇంకేవైనా ఉన్నాయా రేణుకా అని ఆయన అడిగినప్పుడు, ఆయనకి తెలుసు. తెలిసే పెన్ను మూత పెట్టారు.

ఫోటో కింద తెలుగులో రెండే రెండు వాక్యాలు. "ఆ రోజు మీ అమ్మగారి పప్పుచారులో ఉప్పు కాస్త తగ్గిందమ్మా. అప్పుడే చెబుదామనుకున్నాను గానీ, నా ఆకులో వడ్డించేటప్పుడు నువ్వు తల ఎత్తలేదు."

స్తంభానికి ఆనుకుని చాలాసేపు ఏడ్చాను. నవ్వు కూడా వచ్చింది. జనం చూస్తూ పోతున్నారు. కాసేపటికి మొహం తుడుచుకుని చూస్తే, వరసలో మొదటి ఆటో వణుకుతూ నిలబడి ఉంది. లోపల ఎవరూ లేరు. యాదగిరి ఇప్పుడు లేడు, ఈ డ్రైవర్ ఎవరో కుర్రాడు. చుట్టూ నిలబడ్డవాళ్లు ఎవరైనా ఎక్కుతారేమోనని ఒకరినొకరు చూసుకుంటున్నారు. నేను వెళ్లి ఎక్కాను.

"మేడం, నిండాలె. జర టైం పడ్తది," అన్నాడు కుర్రాడు.

"పట్టనీ," అని మూలకి జరిగి, సంచీ ఒళ్లో పెట్టుకున్నాను.